ఆరడుగుల బుడగ

ఆ స్టూడియోలో ఇరవై రెండేళ్లుగా మనుషుల మొహాలు బాగుచేస్తున్నది ఒక్కరే. ఆవిడని అందరూ టచప్ మేడం అంటారు. మొటిమలు తీసేస్తుంది. రెప్ప వేసినవాళ్లకి కళ్లు తెరిపిస్తుంది. పెళ్లికి రాలేకపోయిన మేనమామని గ్రూప్ ఫోటోలో రెండో వరసలో నిలబెడుతుంది. ఆ పెళ్లి పెటాకులైతే అదే ఫోటోలోంచి పెళ్లికొడుకుని తీసేసి, ఆ చోట ఓ పూలకుండీ పెట్టి పంపిస్తుంది. బయట బోర్డు మీద మాత్రం భర్త పేరే ఉంటుంది. అందుకు ఆవిడ ఏనాడూ మనసు కష్టపెట్టుకోలేదు. పాస్‌పోర్టు ఫోటో వెనక ఎవరి పేరుంటే ఎవరికి కావాలి?

ఆ విద్య నేర్పింది మామగారు. స్టూడియో పెట్టింది ఆయనే. ఫిల్ము రోజుల్లో నెగిటివ్ మీద సన్నటి పెన్సిల్ మొనతో ముడతలు మాయం చేసిన చెయ్యి. ఇప్పుడు ఎనభై దాటాయి, వెనకగదిలో పడక్కుర్చీ వదిలి రాడు. ఎవరొచ్చినా ఒకటే మాట: "మావాడికి కెమెరా ఇచ్చాను, మా కోడలికి పని ఇచ్చాను." కొడుకు దీన్ని పొగడ్త అనుకుంటాడు.

ఆ కొడుకుని వీధంతా ఫ్లాష్ గారు అంటుంది. ముప్పై ఏళ్ల పాటు "గడ్డం కొంచెం పైకి, భుజం కిందకి" అని చెప్పి బతికిన మనిషి. ఫోన్లొచ్చి, ఎవడి గడ్డం వాడే పైకెత్తుకోవడం మొదలయ్యాక ఆయనకి పని తగ్గింది. పని తగ్గితే కొందరికి షుగరొస్తుంది. ఫ్లాష్ గారికి కళ వచ్చింది. ఎక్కడో మూడు రోజుల శిబిరానికి వెళ్లొచ్చి, మెడలో ఓ మఫ్లరూ, నోట్లో "శూన్యం" అనే మాటా తెచ్చుకున్నాడు. వేసవిలో కూడా ఆ రెండూ తీసేవాడు కాదు.

"సబ్బు బుడగ," అన్నాడు ఓ పొద్దున కాఫీ తాగుతూ. "బుడగంటే శూన్యానికి తొడిగిన చర్మం. ఇకనుంచి మనం బుడగలే తీస్తాం."

మనం అన్నాడు కదా అని ఆవిడ కూడా సరే అంది.

పాస్‌పోర్టు ఫోటోల గదిలో తెల్ల తెర పీకేసి నల్ల వెల్వెట్ గుడ్డ కట్టారు. దాని ముందు టేబులు, టేబులు మీద ఓ డబ్బా మూత, ఆ మూత మీద నిలబడాలి బుడగ. పైన ఏటవాలుగా తెల్లగుడ్డ కప్పిన మంచమంత సాఫ్ట్‌బాక్స్ లైటు, పక్కన తెల్ల థర్మోకోల్ అట్ట. బుడగకి తనదంటూ రంగు లేదు. ఎదురుగా ఎంత పెద్ద తెల్లటి వెలుగుంటే అంత రంగు చూపిస్తుంది. ఈ సంగతి మొదట కనిపెట్టింది టచప్ మేడమే. ఫ్లాష్ గారు చిన్న లైటు పెట్టి, బుడగ మీద తెల్ల చుక్క ఒక్కటే వస్తుంటే దాన్ని ధ్రువతార అని పిలుచుకుంటున్నాడు.

ఊదడం ఆయన వల్ల కాలేదు. ముప్పై ఏళ్లు కస్టమర్లని కసిరిన ఊపిరి అది, మెల్లగా రావడం దానికి చేతకాదు. స్ట్రా నోట్లో పెట్టుకుని పొయ్యి రాజేసినట్టు ఊదేవాడు. బుడగ పుట్టేలోపే పోయేది. ఒకసారైతే సబ్బునీళ్లు పైకి పీల్చి, గంటసేపు మాట్లాడలేదు. ఆ గంటా ఇల్లు ప్రశాంతంగా ఉంది.

చివరికి స్ట్రా ఆవిడ తీసుకుంది. పదిహేను రోజులు ఆవిడ వంటింటికీ స్టూడియోకీ మధ్య తిరిగింది. గిన్నెలు తోమే లిక్విడ్ ఎంత, గ్లిజరిన్ ఎంత, చక్కెర ఎన్ని చెంచాలు అని కొలిచి, కలిపి, పారబోసి, మళ్లీ కలిపింది. కుళాయి నీళ్లు పనికిరావని, ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లయితే బుడగ రెట్టింపు సేపు నిలుస్తుందని తెలుసుకుంది. కలిపిన నీళ్లని ఒక రోజు కదపకుండా ఉంచాలి. ఫ్యాను ఆపాలి. పొడి వేలు తగిలితే పగిలిపోతుంది, తడి వేలైతే లోపలికి పెట్టి తీసినా ఏమీ అనదు. బుడగ నిలబడ్డాక రంగులు పైనుంచి కిందకి జారతాయి. ఆకుపచ్చ, గులాబి, బంగారం, ఆఖర్న పైన నల్లగా ఓ టోపీ వస్తుంది. ఆ టోపీ వచ్చిందంటే ఇక రెండు మూడు సెకన్లే. అప్పుడే నొక్కాలి. అందుకని కెమెరా వైరు స్విచ్చి కూడా ఆవిడ ఎడమ చేతిలోనే ఉండేది.

మరి ఫ్లాష్ గారేం చేసేవాడంటే, దర్శకత్వం. కెమెరా పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "ఇందులో విషాదం తక్కువైంది" అనేవాడు.

మొదటి మంచి ఫోటో కంప్యూటర్ తెర మీద చూసి ఆయన మొహం చిట్లించాడు. రంగులు నెమలికి కూడా కుళ్లు పుట్టించేలా ఉన్నాయి గానీ, మధ్యలో నల్లగా ఏవో రెండు మరకలున్నాయి. తీసెయ్యమన్నాడు. తీసేద్దామని ఆవిడ బొమ్మ పెద్దది చేసింది.

మరకలు కావవి. ఆవిడే. బుడగ ముందు పొర మీద నిటారుగా ఒకరు, వెనక పొర మీద తలకిందులుగా ఇంకొకరు. ముడి వేసిన జుట్టు, గుండ్రంగా చుట్టిన పెదాలు, పైకెత్తిన మోచెయ్యి, ఎడమ చేతిలో స్విచ్చి. ఊరందరి మొహాలూ చూసిన మనిషి, పనిచేస్తూ తను ఎలా ఉంటుందో అంతవరకు చూసుకోలేదు. బాగానే ఉన్నాననుకుంది. కాసేపు చూసి, తర్వాత తనని తాను తుడిచేసింది, బుడగకి రెండుసార్లు చొప్పున.

కుడివైపు అంచున ఇంకో చిన్న ఆకారం కూడా ఉంది. ఎర్ర కుర్చీ, పాస్‌పోర్టు కస్టమర్లు కూర్చునే స్టూలు మీద బారజాపిన కాళ్లు, చేతిలో ఫోను. అదీ రెండుసార్లే. పాపం అనుకుని దాన్నీ తీసేసింది. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఏడాది తిరిగేసరికి ఫ్లాష్ గారు బుడగల మాంత్రికుడు అయిపోయాడు. పేపర్లో బొమ్మ పడింది. ఆ ఇంటర్వ్యూ ఆయన నాలుగు కాపీలు తెచ్చి, మూడు గోడకి అంటించి, నాలుగోది తండ్రికి చదివి వినిపించాడు. "నా ప్రతి బుడగలోనూ ఉన్నది నా ఊపిరే" అని పెద్దక్షరాలతో ఉంది. పెద్దాయన విని, ఇంకోసారి చదవమన్నాడు. కొడుకు ఉత్సాహంగా చదివాడు. పెద్దాయన కోడలి వైపు చూశాడు. కోడలు తడిగుడ్డతో టేబులు తుడుస్తోంది.

ఆ మాట మాత్రం ఆవిడకి గుచ్చుకుంది. పేరంటే వేరు. ఊపిరి తనది. ఒక్కో బుడగకి పొట్ట లోపలికి పీల్చి, కళ్లు తిరిగేదాకా, దారంలా సన్నగా వదిలిన ఊపిరి అది. ఆ రాత్రి భోజనాల దగ్గర, ఫోటో కింద తన పేరు కూడా వేయమని అడిగింది. పెళ్లయ్యాక ఆయన్ని తనకోసం ఏదైనా అడగడం అదే మొదలని ఆవిడకి అడిగాక తట్టింది.

ఫ్లాష్ గారు నవ్వేశాడు. నీ ఊపిరీ నా ఊపిరీ వేరా అన్నాడు. రెండు పేర్లుంటే చూసేవాళ్లు తికమక పడతారన్నాడు. స్ట్రా ఊదినవాళ్ల పేరు వెయ్యాలంటే సబ్బు చేసినవాళ్ల పేరూ వెయ్యాలి కదా అని కూడా అన్నాడు. చెప్పడం అయ్యాక పెరుగు ఇటు జరపమన్నాడు.

ఆవిడ పెరుగు జరిపింది. కానీ ఒకసారి బయటపడ్డ ఆ కోరిక ఇక లోపలికి పోలేదు, అక్కడే ఉండిపోయింది.

అలాంటప్పుడు వచ్చింది ఫోటోగ్రాఫర్ల సంఘం వారి పోటీ. ఈసారి ఓ కొత్త నిబంధన పెట్టారు. పోయినేడు మొదటి బహుమతి కొట్టిన సూర్యాస్తమయంలో చెట్ల నీడలు రెండు వైపులా పడ్డాయని తేలి సంఘం పరువు పోయింది. అందుకని ఈ ఏడు టచప్ అన్న మాట వినబడకూడదు, కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫైలు ఉన్నది ఉన్నట్టే పంపాలి, గెలిచిన ఫోటోని ఆరడుగులకి పెంచి హాల్లో పెడతారు.

ఒరిజినలే పంపెయ్యమన్నాడు ఫ్లాష్ గారు.

"పంపేముందు ఒకసారి పెద్దది చేసి చూడండి," అంది ఆవిడ.

"నా ఫోటో నేను చూడాలటోయ్? నువ్వు కనబడతావు, అంతేగా. కనబడితే కనబడ్డావులే. ఫారంలో మోడల్ అని రాసేస్తాను."

ఇంకొక్క మాట చెప్పి ఉండాల్సింది. చెప్పబోయింది కూడా. ఆయన అప్పటికే అద్దం ముందు మఫ్లర్ సవరించుకుంటూ బహుమతి ప్రసంగం మొదలుపెట్టాడు. ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఒరిజినల్స్ అన్నీ తెరిచింది. ఆయన నిలబడి ఉన్న ఫ్రేము ఒక్కటి దొరికినా అదే పంపుదామనుకుంది, దేవుడి సాక్షిగా. నాలుగు వందల పన్నెండు ఫ్రేములు వెతికింది. కూర్చున్నవి, వాలినవి, ఆవలించినవి, వీపు గోక్కుంటున్నవి ఉన్నాయి. నిలబడ్డది లేదు. అందుకని రంగులు అన్నిటికన్నా బాగున్నది చూసి పంపేసింది.

మొదటి బహుమతి వచ్చింది.

ప్రదర్శన ఓ ఆదివారం పొద్దున. మామగారు కూడా పడక్కుర్చీ వదిలి, ఉతికిన పంచె కట్టుకుని, చేతికర్రతో బయలుదేరాడు. హాలు కిటకిటలాడుతోంది. ఎదురుగోడకి ఆరడుగుల పొడవూ ఆరడుగుల వెడల్పుతో బుడగ. ఆ పరిమాణంలో రంగులు నిజంగానే ఊపిరాడనిచ్చేలా లేవు. మధ్యలో జానెడు ఎత్తున ఒక స్త్రీ, ఒళ్లంతా స్ట్రా చివరికి తెచ్చుకుని ఊదుతోంది. కుడిపక్కన అరచెయ్యంత మేర ఎర్ర కుర్చీ, కుర్చీలో మనిషి, స్టూలు మీద కాళ్లు, ఎడమకాలి మేజోడులోంచి బయటికొచ్చిన బొటనవేలు, ఫోను వెలుగులో తెరుచుకున్న నోరు. మళ్లీ అదంతా తలకిందులుగా.

ఫ్లాష్ గారు దూరం నుంచి చూసి పొంగిపోయాడు. దగ్గరికొచ్చి చూసి ఆగిపోయాడు. ఇంకాస్త దగ్గరికెళ్లి, మఫ్లర్ తీసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఒరేయ్," అన్నాడు మామగారు, చెవుడున్నవాళ్లకి సహజమైన గొంతుతో. "ఆ కుర్చీలో నోరు తెరుచుకున్నది నువ్వే కదరా."

హాలంతా ఇటు తిరిగింది. ఆవిడకి ఒక్క క్షణం భర్త మీద జాలేసింది. ఆ మనిషి మొహం పాలిపోవడం ఆవిడ అంతకుముందు చూడలేదు. టచప్ చేసి తీసెయ్యగలిగితే అప్పుడే తీసేసేది.

జాలి ఎక్కువసేపు నిలవలేదు. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ, కళావిమర్శకురాలు, మైకు పట్టుకుంది. ఈ ఫోటోలో గొప్పతనం రంగుల్లో లేదంది. శ్రమించే స్త్రీని మధ్యన పెట్టి, కాళ్లు జాపుకున్న సోమరి పురుషుడిగా తన్నుతాను అంచున పెట్టుకున్న ఆ ఆత్మవిమర్శలో ఉందంది. మేజోడు చిల్లు పురుషాధిక్యతకి పడ్డ చిల్లు అంది. ఇంత నిర్దయగా తన బొమ్మ తానే తీసుకున్న కళాకారుణ్ని తన ముప్పై ఏళ్ల అనుభవంలో ఎరగనంది. చప్పట్లు మోగాయి.

ఫ్లాష్ గారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. రెండు నిమిషాల్లో మైకు ఆయన చేతిలో ఉంది. ఆ చిల్లు మేజోడు కోసం తను ఎన్ని దుకాణాలు తిరిగాడో చెప్పాడు. స్త్రీ శ్రమకి గుర్తింపు లేకపోవడం తనని చిన్నప్పట్నుంచీ కలచివేసేదన్నాడు. అరగంట మాట్లాడాడు. ఆ అరగంటా ఆయన శాలువా, పూలగుచ్ఛం, జ్ఞాపిక ఆవిడ ఒళ్లోనే ఉన్నాయి.

చివరికి వినలేక ఆవిడ లేచి, వాటిని కుర్చీలో పెట్టి ఫోటో దగ్గరికెళ్లింది. కింద చిన్న కార్డుంది. "ఫోటో:" అని ఆయన పేరు. దాని కింద, "మోడల్: ఒక గృహిణి."

ఒక గృహిణి. ఊళ్లో ఎన్ని ఇళ్లుంటే అందులో ఒకతె. ఆ రెండు ముక్కలూ రెండుసార్లు చదివింది. ఒళ్లు మండింది. బుడగలోంచి ఇరవై రెండుసార్లో ఇరవై రెండు వందలసార్లో తనని తాను తుడుచుకున్నప్పుడు కూడా ఇంత మండలేదు.

అప్పుడే సంఘం అధ్యక్షుడు ఓ ప్రకటన చేశాడు. మాంత్రికుడు ఇప్పుడు మన కళ్లముందే ఒక బుడగని సృష్టించి ఫోటో తీస్తాడన్నాడు. వేదిక మీద నల్లగుడ్డ, సాఫ్ట్‌బాక్స్, మూత, కెమెరా అన్నీ అమర్చే ఉన్నాయి. సబ్బునీళ్లు మాత్రం ఆవిడ ముందురోజే కలిపి, సీసాలో పోసి, కదలకుండా తెచ్చినవి. అమర్చిపెట్టి ఇచ్చేస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటానని ఆయన ఇంటి దగ్గర చెప్పాడు.

చూసుకున్నాడు. మొదటి బుడగ పుట్టకుండానే పోయింది. రెండోది మూత మీదే నురగయింది. మూడోది ఆయన మఫ్లర్ మీద వాలి అక్కడ కాలం చేసింది. గాల్లో తేమ తక్కువన్నాడు. నాలుగోది, అయిదోది. ముందు వరసలో ఎవరో దగ్గారు. వెనక ఎవరో నవ్వారు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఫ్లాష్ గారు వేదిక దిగి, కార్డు దగ్గరే నిలబడి ఉన్న భార్య చెవి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్కసారి వచ్చి ఊదు. పరువు పోతోంది."

"ఈ కార్డు మీద నా పేరు రాయండి. వస్తాను."

"ఇప్పుడా? ఇంటికెళ్లాక మాట్లాడుకుందాంలే."

"ఇంట్లో నా పేరు అందరికీ తెలుసండీ."

ఆయన అటూ ఇటూ చూశాడు. రెండొందల మంది చూస్తున్నారు. జేబులోంచి పెన్ను తీసి, "మోడల్: ఒక గృహిణి" కొట్టేసి, దాని కింద గబగబా ఏదో రాసి, ఇక పద అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ కదల్లేదు. వంగి చదివింది. "శ్రీమతి గారి సహకారంతో" అని ఉంది.

ఆవిడ చెయ్యి చాపింది. ఆయన పెన్ను ఇచ్చాడు. ఇరవై రెండేళ్లు చేసిన పనే కాబట్టి ఆవిడ తొందరపడలేదు. ఆ ముక్కని అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసింది. ఇంటిపేరుతో సహా తన పేరు పూర్తిగా, పైనున్న "ఫోటో:" పక్కన ఖాళీ చూసుకుని రాసింది. రాసి, పెన్ను మూత పెట్టి తిరిగి ఇచ్చింది.

కళావిమర్శకురాలు దగ్గరికొచ్చి కార్డు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. అయితే ఈ ఫోటో ఎవరు తీసినట్టని ఫ్లాష్ గారినే అడిగింది. మైకు అప్పటికి మళ్లీ ఆ విమర్శకురాలి చేతికే వచ్చింది, అడిగింది హాలంతా వినబడింది.

ఫ్లాష్ గారు ఓ మాట వెతుక్కున్నాడు. శూన్యం కూడా నోటికి రాలేదు. గోడ మీద ఆరడుగుల బుడగలోంచి ఆయనే, తెరిచిన నోటితో, ఆయన వంక చూస్తున్నాడు. భార్య కూడా చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే సర్దిచెప్పేవాడు. కోపం లేదు, ఏం చెబుతాడోనని చూస్తోందంతే.

"తనే తీసిందండి," అన్నాడు. "ఊదిందీ తనే, నొక్కిందీ తనే. నేను కుర్చీలో ఉన్నాను."

ఆయన జీవితంలో ఫోటో గురించి చెప్పిన మొదటి నిజం అదే. పెద్దాయన చేతికర్రతో నేల మీద తట్టాడు.

ఆ తర్వాత కళావిమర్శకురాలు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "ఎంత వినయం!" అంది. అంతే, జనం లేచి నిలబడ్డారు. అధ్యక్షుడు ఫ్లాష్ గారిని కావలించుకున్నాడు. ఇలాంటి నిరాడంబరుడు ఈ సంఘంలోనే లేడన్నాడు. ఫ్లాష్ గారు కాదు కాదని తల అడ్డంగా ఊపుతుంటే, ఆ ఊపుడుకి కూడా చప్పట్లు కొట్టారు. అవి ఆగడం లేదు.

ఆవిడ ఈలోపు వేదికెక్కింది. మూత తుడిచి సబ్బునీళ్లతో తడిపింది. సాఫ్ట్‌బాక్స్ ఒక బెత్తెడు కిందకి దించింది. వైరు స్విచ్చి ఎడమచేతిలోకి తీసుకుంది. స్ట్రా సీసాలో ముంచి ఎత్తి చూస్తే, స్ట్రా చివర పొర వణుకుతోంది. తల తిప్పి హాలు వైపు చూసింది.

"చప్పట్లు ఆపండి," అంది. "గాలి కదిలితే బుడగ నిలవదు."

ఎవరూ ఆవిడ నోట్లోంచి మాట వస్తుందని అనుకున్నట్టు లేరు. ముందు వరస ఆపింది, తర్వాత మధ్య వరసలు, ఆఖర్న వెనక గోడకి ఆనుకున్నవాళ్లు. ఫ్లాష్ గారు కూడా చేతులు కిందకి దించేశాడు. ఫ్యాను కూడా ఆపాలని ఆవిడ చెబితే అధ్యక్షుడే లేచి స్విచ్చి వెతుక్కుంటూ వెళ్లాడు. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆవిడ ఆగి, అప్పుడు వంగి ఊదడం మొదలుపెట్టింది.